ముందు బండి, వెనక బండి

1904లో ఇంగ్లండ్‌లోని మోటార్ సైక్లింగ్ క్లబ్ వాళ్లు లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా ఒక యాత్ర పెట్టారు. దూరం సుమారు 400 మైళ్లు, గడువు 24 గంటలు. తిండికీ, పెట్రోలుకీ, పంక్చర్లకీ ఆగిన సమయం కూడా అందులోదే. సగటున గంటకు 17 మైళ్లు పడితే చాలు. ఇంకాస్త జోరుగా పోదామన్నా చట్టం ఒప్పుకోదు. ఆ జనవరి 1న అమల్లోకి వచ్చిన మోటార్ కార్ చట్టం బ్రిటన్ రోడ్ల మీద వేగాన్ని 20 మైళ్లకు, అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లకు కట్టేసింది. రోడ్డు మీద పందేలు ఎలాగూ కుదరవు. అందుకని క్లబ్బులు వేగానికి కాకుండా వేళ తప్పకపోవడానికి పతకాలివ్వడం మొదలెట్టాయి. ఆలస్యంగా వచ్చినవాడికి మార్కులు తగ్గేవి. ఈ తరహా పోటీలు చాలావాటిలో వేళకు ముందే వచ్చినవాడికీ అదే శిక్ష.

మోటార్ సైకిల్ చరిత్రలో ఎవరు ముందు చేరారన్నదానికి రికార్డులు ఉన్నాయి, కప్పులు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి. కలిసి బయలుదేరిన పదిమంది, పది రకాల బళ్ల మీద, పది రకాల మనస్తత్వాలతో, సాయంత్రానికి ఒకే చోటికి ఎలా చేరారన్నదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నూట ఇరవై ఏళ్లుగా ప్రతి తరం బైకర్లూ ఈ చిక్కుతో కుస్తీ పట్టారు. ఒక్కో తరం ఒక్కో ఉపాయం కనిపెట్టింది. వాటిలో కాలానికి నిలిచినవి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అందరినీ ఒకే వేగంతో నడిపించాలని చూసిన పద్ధతులు అంతంతమాత్రంగా పనిచేశాయి. వేగం సంగతి వదిలేసి, ఎక్కడ కలుసుకోవాలో ముందే తేల్చుకున్న పద్ధతులు నిలబడ్డాయి.

తొలినాటి బళ్ల మీద పక్కపక్కన వెళ్దామన్నా కుదిరేది కాదు. చాలా బళ్లకు గేర్లు లేవు. ఇంజన్ నుంచి వెనక చక్రానికి బిగించిన బెల్టు వానలో తడిస్తే జారిపోయేది. ఎత్తు వచ్చిందంటే బండాయన పెడల్ తొక్కి ఇంజన్‌కు సాయం పట్టాలి, అప్పటికీ ఎక్కకపోతే దిగి నెట్టాలి. చదునులో వెనకబడ్డవాడు ఎత్తులో ముందుకు పోవడం, ఎత్తులో దూసుకుపోయినవాడు బెల్టు తెగి దారి పక్కన కూలబడటం మామూలు. రాత్రయితే కార్బైడ్ దీపం వెలిగించుకోవాలి. డబ్బాలోని కార్బైడ్ మీద నీళ్లు చుక్కచుక్కగా పడి, గ్యాసు పుట్టి, అది మండితేనే వెలుతురు. పైగా కంకర రోడ్లు. ముందు బండి లేపిన దుమ్ము మింగడం ఇష్టంలేక వెనకవాడే కావాలని దూరం పాటించేవాడు.

1907 మే 28న ఐల్ ఆఫ్ మ్యాన్‌లో టీటీ అనే మోటార్ సైకిల్ పందెం మొదటిసారి జరిగింది. ప్రధాన భూభాగంలో రోడ్డు పందేలకు చోటు లేదు కాబట్టి, సొంత పార్లమెంటు ఉన్న ఆ దీవికి వెళ్లారు. అక్కడ కూడా అందరినీ ఒక్కసారిగా వదల్లేదు. కొద్దికొద్ది వ్యవధితో పంపి, గడియారంతో లెక్క కట్టారు. ఒక సిలిండర్ బళ్ల విభాగంలో మ్యాచ్‌లెస్ మీద చార్లీ కాలియర్ గంటకు 38.21 మైళ్ల సగటుతో గెలిచాడు. రెండు సిలిండర్ల విభాగం విజేత నార్టన్ మీద వచ్చిన రెమ్ ఫౌలర్. ఆ రోజు అందరికంటే వేగంగా ఒక చుట్టు తిరిగింది ఫౌలరే, గంటకు 42.91 మైళ్లు. అయినా అతని మొత్తం సగటు 36.21 మైళ్ల దగ్గరే ఆగింది. స్పార్క్ ప్లగ్గులు, టైరు అతన్ని మాటిమాటికీ ఆపేశాయి. కలిసి ప్రయాణం చేసేవాళ్లకు ఈ రెండు అంకెలు చెప్పే సంగతి చాలా పెద్దది. రోజు మొత్తం మీద చూస్తే, ఎంత జోరుగా నడిపామన్నదాని కంటే ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగామన్నదే సగటును తేలుస్తుంది.

అమెరికాలో దూరాలు వేరు కాబట్టి ఉపాయాలూ వేరయ్యాయి. 1915లో న్యూయార్క్‌కు చెందిన ఎఫీ హాచ్‌కిస్ హార్లే డేవిడ్‌సన్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో బయలుదేరింది. తోడు వచ్చింది ఆమె తల్లి అవిస్. తల్లికి సైడ్‌కార్ బిగించారు. ముందూ వెనకా గొడవ అక్కడితో తీరిపోయింది. దారిలో ట్యూబులు అయిపోతే దుప్పటి కోసి, చుట్ట చుట్టి టైరులో కూరి బండి నడిపారని చెబుతారు. ఆ మరుసటి ఏడాది అగస్టా, అడెలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు ఇంకో దారి పట్టారు. ఎవరి బండి వాళ్లదే, కానీ రెండూ ఒకే రకం ఇండియన్ పవర్ ప్లస్‌లు. జులై 4న న్యూయార్క్‌లో బయలుదేరి, పైక్స్ పీక్ కొండ శిఖరం దాకా బళ్లెక్కించి, సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలిస్ చేరారు. కాడికి ఈడూజోడూ కుదిరిన ఎద్దులను కట్టినట్టే ఇది. ట్యాంకు సైజు ఒకటే కాబట్టి పెట్రోలు ఒకేచోట అయిపోతుంది. ఒకరి విడిభాగం ఇంకొకరికి పనికొస్తుంది. ఎత్తులో ఒకరు ఆగిపోయి ఇంకొకరు ఎగిరిపోయే బెడద ఉండదు.

అయితే పదిమంది స్నేహితులందరూ ఒకే బండి కొనుక్కోవాలని ఎవరు శాసిస్తారు? జిప్సీ టూర్లు అనే ఏర్పాటు ఆ చిక్కును తీర్చింది. 1910ల చివర్లో మొదలై, 1924లో ఏర్పడిన అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ చేతుల్లో ఇవి బాగా పెరిగాయి. పద్ధతి సులువు. ఫలానా తేదీకి ఫలానా ఊరి మైదానంలో కలుద్దామని చెబుతారు. ఎవరి ఊరి నుంచి వాళ్లు, ఎవరికి వీలైన దారిలో, ఎవరి వేగంతో వాళ్లు వస్తారు. అక్కడ గుడారాలు, ఆటలు, పందేలు, భోజనాలు. రెండు రోజుల దారిని ఒక్క రోజులో కొట్టుకొచ్చినవాడూ, మూడు రోజులు తీరిగ్గా వచ్చినవాడూ ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. 1947 జులైలో కాలిఫోర్నియాలోని హోలిస్టర్‌లో జరిగిన జిప్సీ టూర్‌కు ఊరు పట్టనంత మంది వచ్చి గొడవయింది. పత్రికలు దాన్ని మరింత పెంచి రాశాయి. ఆ ఘటన ఆధారంగా 1953లో 'ది వైల్డ్ వన్' సినిమా వచ్చింది. బైకు వాళ్లంటే రౌడీలన్న ముద్ర అక్కణ్నుంచి బలపడింది కానీ, దానికి ముందు మూడు దశాబ్దాల పాటు ఆ టూర్లు చాలావరకు కుటుంబాలతో సహా వచ్చే తిరునాళ్లలా సాగాయి.

బ్రిటన్‌లో 1950ల చివరికి గాలి మారింది. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫేలో చేరే కుర్రాళ్లకు గంటకు 100 మైళ్లు దాటించడమే గొప్ప. 1959 నవంబర్‌లో తెరిచిన ఎం1 మోటార్‌వేకి వేగ పరిమితే లేదు. ట్రయంఫ్ బొనెవిల్, బీఎస్‌ఏ గోల్డ్ స్టార్ లాంటి బళ్లు ఆ వేగాన్ని సామాన్యుడి చేతికి అందించాయి. ఈ గుంపుల్లో నెమ్మదిగా నడిపేవాడికి విలువ లేదు. అందుకోలేనివాడు తన చేతికి మించి నడిపేవాడు. చావులు పెరిగాయి. 1965 డిసెంబర్‌లో ప్రభుత్వం 70 మైళ్ల పరిమితి పెట్టింది. ఆ మధ్యలోనే, 1962లో, బిల్ షెర్గోల్డ్ అనే చర్చి ఫాదర్ హాక్నీలోని 59 క్లబ్‌లో బైకర్లకు ఒక విభాగం తెరిచాడు. ఆయన కూడా బైకరే. కెఫేకి స్వయంగా వెళ్లి పిలిచాడు. వేలమంది సభ్యులుగా చేరారు. బండి మీద ఎవరెంత వేగమన్నది లెక్కలోకి రాని చోటు ఒకటి ఆ కుర్రాళ్లకు దొరికింది.

గుంపులో వెనకబడ్డవాడి కష్టం ఏమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. ముందు బండి గంటకు 60 కిలోమీటర్లతో పోతోంది. వెనకవాడు రైల్వే గేటు దగ్గరో, లారీ వెనకో చిక్కుకుని కిలోమీటరు వెనకబడ్డాడు. అతను 80 వేగంతో వెంటపడితే అందుకోవడానికి 3 నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో 4 కిలోమీటర్లు 80 మీద నడపాలి. ముందువాడు హాయిగా పోతున్న రోడ్డు మీదే వెనకవాడు పరుగు తీయాలి. మధ్యలో ఐదారు బళ్లుంటే ఈ సాగుడూ కుంచించుకుపోవడమూ ఒక్కో బండికీ పెరుగుతూ పోతుంది. ముందు బండి స్పీడ్ బ్రేకర్ దగ్గర కాస్త తగ్గించినా చివరి బండికి అది గట్టి బ్రేకు. ఆ తర్వాత మళ్లీ పరుగు. గుంపు మొత్తంలో ఎక్కువ వేగంతో నడపాల్సివచ్చేది చాలాసార్లు ఆ చివరివాడే. తరచుగా అతనే కొత్తవాడు కూడా.

ఇది గమనించాకే గుంపు ప్రయాణానికి రాతపూర్వకమైన నియమాలు వచ్చాయి. 1973లో ఏర్పడిన అమెరికా మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ చెప్పేవి ఇప్పుడు చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి. గుంపు ఐదు నుంచి ఏడు బళ్లకు మించకూడదు. మించితే రెండు గుంపులు చేయాలి. లేనులో ఒకరు ఒక పక్కకు, వెనకవాడు రెండో పక్కకు, జిగ్‌జాగ్ వరసలో నడవాలి. పక్క వరసలో ముందున్న బండికీ తనకూ ఒక సెకను, తన వరసలో ముందున్న బండికి రెండు సెకన్లు ఎడం. మలుపుల్లో మాత్రం ఒక్కటే వరస. అన్నిటికంటే తెలివైనది ఇంకొకటి ఉంది. అనుభవం తక్కువున్నవాణ్ని చివర పెట్టకుండా ముందు నాయకుడి వెనకే పెట్టాలి. అప్పుడు నాయకుడి అద్దంలో అతనే కనిపిస్తాడు కాబట్టి, అతని వేగాన్ని బట్టే గుంపు నడుస్తుంది.

ఈ పద్ధతి హైవే మీద బాగుంటుంది. కొండదారిలో, ఊరి సందుల్లో నిలవదు. అక్కడికి బ్రిటన్, ఆస్ట్రేలియా క్లబ్బులు ఇంకో పద్ధతి వాడతాయి. ముందు ఒకరు దారి చూపుతారు. చివర ఒకరు మెరిసే జాకెట్ వేసుకుని వస్తారు. ఈ ఇద్దరూ మారరు. మలుపు వచ్చిన ప్రతిచోటా ముందువాడి వెనక ఉన్న రెండో బండి ఆగిపోయి, వచ్చేవాళ్లందరికీ దారి చూపుతూ నిలబడుతుంది. చివరి బండి కనిపించాక దాని ముందు దూరి మళ్లీ కదులుతుంది. తర్వాతి మలుపులో ఇంకొకడి వంతు. ఇరవై బళ్ల గుంపయినా ఎవరూ దారి తప్పరు. ఎవరూ ఎవరినీ అందుకోవాల్సిన పని లేదు. దూకుడు ఉన్నవాడు మలుపులో పది నిమిషాలు కాపలా కాస్తాడు, నెమ్మదివాడు చెట్లూ చేమలూ చూసుకుంటూ వస్తాడు. సెల్‌ఫోన్ లేని కాలంలో ఇంత చక్కగా పనిచేసిన ఏర్పాటు ఇంకొకటి లేదనే చెప్పాలి.

1991 నవంబర్‌లో అమెరికా పత్రిక 'మోటార్‌సైక్లిస్ట్'లో నిక్ ఇనాచ్ 'ది పేస్' పేరుతో ఒక వ్యాసం రాశాడు. రేసు బళ్ల లాంటివి రోడ్డు మీదికి వచ్చేసిన రోజులవి. స్నేహితులు కొండదారుల్లో ఒకరినొకరు తరుముకుంటూ పడిపోతున్నారు. ఇనాచ్ చెప్పింది తలకిందుల లెక్క. నేరుగా ఉన్న రోడ్డులో జోరు తగ్గించు, మలుపుకు ముందే బ్రేకు పని ముగించు, మలుపును శుభ్రంగా తిప్పు, నీ లేను దాటకు. నేరు రోడ్డులో ఎవరూ ఎగిరిపోకపోతే మలుపుల్లో కాస్త వెనకబడ్డవాడు ఏ తంటా లేకుండా మళ్లీ వచ్చి కలుస్తాడు. దశాబ్దాలు గడిచినా రైడింగ్ స్కూళ్లలో ఆ వ్యాసం గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు.

మన దేశంలో ఈ కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ చాలాకాలం కొనడానికి బళ్లే తక్కువ. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి బుల్లెట్లు వచ్చాయి. 1960ల్లో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ నుంచి రాజ్‌దూత్ తోడయ్యాయి. మైసూరు బండే 1973 నుంచి యెజ్డీ అయింది. ఎవరి దగ్గర ఏ బండి ఉన్నా వేగాల్లో తేడా పెద్దగా ఉండేది కాదు. అసలు తేడా 1980ల్లో జపాన్ కంపెనీలు వచ్చాక పుట్టింది. 1983లో యమహా ఆర్‌డీ350 మన దగ్గర రాజ్‌దూత్ 350 పేరుతో దిగింది. తొలి రకానికి 30 హార్స్‌పవర్. 1985లో హీరో హోండా సీడీ100, యమహా ఆర్‌ఎక్స్100 రెండూ వచ్చాయి. సీడీ100కు 7 చిల్లర హార్స్‌పవర్, ఆర్‌ఎక్స్‌కు 11. బుల్లెట్ 350కి 18. ఒకే కాలేజీ నుంచి ఒకే రోజు బయలుదేరిన నలుగురు కుర్రాళ్ల కింద ఇప్పుడు నాలుగు వేరువేరు స్వభావాలున్నాయి.

అంకెలు కూడా పూర్తి సంగతి చెప్పవు. బుల్లెట్‌కు 60, 65 మీద దడదడమని సాగిపోవడం ఇష్టం. అంతకు మించి తరిమితే ఒళ్లంతా అదురుతుంది. ఆర్‌ఎక్స్100 టూ స్ట్రోక్ బండి, బరువు 100 కిలోల చిల్లర. దానికి గొంతెత్తి అరిస్తేనే ఊపు. 60 మీద నడవమంటే బుల్లెట్ వాడికి సుఖం, ఆర్‌ఎక్స్ వాడికి శిక్ష. బంకు దగ్గర ఆర్‌ఎక్స్‌కు టూటీ ఆయిల్ కూడా చూసుకోవాలి. సీడీ100 వాడు చివర వచ్చేవాడే కానీ, మిగతా ముగ్గురూ బంకు వెతుక్కుంటుంటే ఆగకుండా దాటిపోయేవాడు. ఆర్‌డీ వాడు అందరికంటే ముందుండి అందరికంటే ముందే పెట్రోలు అయిపోగొట్టుకునేవాడు. సాయంత్రానికి నలుగురూ ఒకే గంటకు ఊరు చేరడం వింతేమీ కాదు. ఫౌలర్ సగటు లెక్క ఇక్కడా అదే.

టీ కొట్టు దగ్గర ఆగి మళ్లీ కదిలే ఆ ఐదు నిమిషాలు చూస్తే తేడా కళ్లకు కట్టేది. ఆర్‌ఎక్స్ ఒక్క తన్నుతో లేచేది. పాత బుల్లెట్‌కు తతంగం ఉంది. ముందు పెట్రోల్ ట్యాప్ తిప్పాలి. తాళం తిప్పి, ట్యాంకు ముందున్న యాంపియర్ మీటర్ ముల్లు చూడాలి. కిక్కర్‌ను మెల్లగా నొక్కుతూ, ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగాలి. డీకంప్రెసర్ లివర్ పట్టి కిక్కర్‌ను ఇంకాస్త దించి, లివర్ వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, అప్పుడు మొత్తం బరువేసి ఒక్క తన్ను. తప్పుగా తన్నితే అది తిరిగి కాలిని తంతుంది. యెజ్డీకి కిక్కర్ లివరే మడిస్తే గేరు లివర్. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మిగతా బళ్లలో దాదాపు అన్నిటికీ దీనికి రివర్సు. దారిలో కాసేపు బళ్లు మార్చుకుందామని సరదాపడ్డ స్నేహితులు బ్రేకనుకుని గేరు తొక్కి కంగారుపడ్డ సందర్భాలు ఆ తరానికి బాగా తెలుసు.

ఆర్‌ఎక్స్100 తయారీ 1996లో ఆగింది. అదే ఏడాది మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2001లో పల్సర్ వచ్చాక వేగం మధ్యతరగతి చేతికందింది. ఇవాళ ఒకే గుంపులో 8 హార్స్‌పవర్ స్ప్లెండర్, 2018లో వచ్చిన 47 హార్స్‌పవర్ ఇంటర్‌సెప్టర్ 650 కలిసి బయలుదేరవచ్చు. తేడా ఆరింతలు. స్నేహితులు ఒకరినొకరు పరీక్షించుకుంటే చట్టం దాన్ని పందెంగానే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత మొదటిసారికి 5,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మనవాళ్ల అనుభవంలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ల ఉపాయానికి మంచి ఉదాహరణ ఉంది. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, దాదాపు 17,000 కిలోమీటర్లు. నలుగురి కిందా ఒకే రకం బళ్లు, డోమినార్ 400లు. అంత దూరం కలిసి వెళ్లేవాళ్లకు బండి ఒకటే కావడం ఎంత ఆసరానో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు హెల్మెట్లలో బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లు వచ్చాయి. ఫోన్‌లో అందరి లొకేషన్ కనిపిస్తుంది. దీంతో పాత నియమాలు పక్కకు పోయాయనుకుంటే పొరపాటు. సిగ్నల్ ఉన్నంతసేపే ఫోన్, దూరం పెరగనంతసేపే ఇంటర్‌కమ్. హైదరాబాద్ బైకర్లు తరచూ వెళ్లే శ్రీశైలం రోడ్డే తీసుకోండి. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దోమలపెంట దాకా అడవి, మలుపులు, చాలాచోట్ల ఫోన్ పలకదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. ముందు బండి 8:40కి గేటు దాటి, వెనక బండి 9:05కి వస్తే గుంపు రాత్రంతా గేటుకు చెరోపక్కన ఉండిపోతుంది. అందుకని ఈ దారిలో వెళ్లేవాళ్లు ఇంట్లో ఉండగానే మూడు విషయాలు తేల్చుకోండి. చివర ఎవరు వస్తారు, ఎక్కడెక్కడ ఆగి బళ్లు లెక్కపెట్టుకుంటారు, మన్ననూరు గేటు దగ్గర అందరూ ఎన్నింటికల్లా కలవాలి. ఆ వేళ లెక్కేసేటప్పుడు మీలో అందరికంటే నెమ్మదిగా నడిపేవారి వేగాన్నే వేసుకోండి.